ముఖ్యమైన లోడు

తిరుమలరావు ఆ ఉదయం నిద్ర లేస్తూనే, ఈ రోజు ఒక్క పని తప్ప మరే పనీ ముట్టుకోకూడదని గట్టిగా నిశ్చయించుకున్నాడు. ఆయన సోమరి కాడు. అసలు ఆయన కష్టాలన్నిటికీ మూలం సోమరితనం లేకపోవడమేనని ఈ మధ్యనే ఒకాయన వేదికెక్కి మరీ చెప్పాడు.

శ్రీకాకుళం సింహద్వారం కూడలి దగ్గర తిరుమలరావుకు ఒక రేకుల షెడ్డు, దానికి ఆనుకుని ఒక గది, బయట మూడు లారీలు ఉన్నాయి. మూడింట్లో ఒకటి ఎప్పుడూ మెకానిక్కు దగ్గరే ఉంటుంది. ఏది ఉంటుందన్నది మాత్రం మారుతూ ఉంటుంది. టైర్లలో గాలి చూడడం, తాళ్ళు బిగించడం, లోడు ఎక్కుతుంటే పక్కన నిలబడి ఒక్కో పెట్టెనీ తట్టి చూడడం, లోడెత్తే కళాసీలకు టీ తెప్పించడం, బంపరుకు నిమ్మకాయలు కట్టడం, డ్రైవరు పెళ్ళాం అలిగి పుట్టింటికి పోతే మధ్యవర్తిగా వెళ్ళడం, అన్నీ ఆయనే. ఇంత చేసినా లాభమన్నది ఆయన కంటబడేది కాదు. మంచం మీద పడుకుని ఉన్నా ఇంతే నష్టం వచ్చేదని ఆయన భార్య పద్మకుమారి అనుమానం.

అలాంటి రోజుల్లో ఎచ్చెర్ల దగ్గర ఒక కల్యాణ మండపంలో లారీ యజమానుల సంఘం వాళ్ళు శిక్షణ తరగతి పెట్టారు. జన్మలో లారీ ఎక్కని ఒక యువకుడు హైదరాబాదు నుంచి వచ్చి లాభాల గురించి చెప్పాడు. భోజనంలో బిర్యానీ పెట్టడం వల్ల యజమానులందరూ మధ్యాహ్నం కుర్చీల్లోనే నిద్రపోయారు. తిరుమలరావు ఆ పూట గ్యాసు పట్టేసి భోజనం మానేశాడు. అందుచేత హాలు మొత్తం మీద మేలుకుని ఉన్నవాడు ఆయన ఒక్కడే. కాస్త మజ్జిగ తాగి బిర్యానీ తినేసి ఉంటే ఈ గొడవంతా ఉండేది కాదని ఆయనే తరువాత చాలాసార్లు అన్నాడు.

ఆ యువకుడు చెప్పింది ఇది. యజమాని అన్ని పనులూ చేయకూడదు. పొద్దున లేవగానే ఆ రోజుకి ముఖ్యమైన పని ఏదో తేల్చుకుని, అదొక్కటే తన చేతిలో పెట్టుకోవాలి. మిగతావి ఇంకొకరికి అప్పగించి మరిచిపోవాలి. అర్జెంటంటూ పరిగెత్తుకొచ్చేవన్నీ ముఖ్యమైనవి కావు. రోజుకో గంట తలుపు వేసుకుని, ఫోను కట్టేసుకుని, ఆలోచించాలి. తిరుమలరావుకు ఈ చివరి మాట మరీ నచ్చింది. ఇన్నాళ్ళూ తాను ఆలోచించలేదన్న సంగతి ఆయనకు అప్పుడే తట్టింది.

ఆ ఉదయం షెడ్డులో రెండు లోడ్లు ఉన్నాయి. ఒకటి పలాస వ్యాపారి బంగారురాజు గారి జీడిపప్పు. విజయనగరంలో ఒక మిఠాయిల కార్ఖానాకు మధ్యాహ్నంలోగా చేరాలి. ఇది పరీక్ష లోడు. సవ్యంగా చేరితే ఏడాది పొడుగునా సరుకంతా తిరుమలరావు లారీల మీదే తోలిస్తానని బంగారురాజు మాటిచ్చాడు. ఆ కాంట్రాక్టు రాకపోతే బ్యాంకు వాళ్ళు ఊరుకోరు, నెలాఖరుకి పాత లారీ అమ్మేయాలి. ఆ పాత లారీ ఆయన డ్రైవరుగా ఉన్న రోజుల్లో పైసా పైసా కూడబెట్టి కొన్నది. దాన్ని వేరొకడు తోలుతుంటే చూడడం కన్నా కళ్ళు పోవడం నయమని ఆయన అనుకునేవాడు.

రెండోది మేనకోడలు యమున సారె. అక్క కుమారి కూతురు యమునకు కొడుకు పుట్టాడు. బిడ్డనెత్తుకుని అత్తవారిల్లు చేరిన పిల్ల వెనకాల పుట్టింటి సారె వెళ్ళాలి. రాజాం దాటాక జగ్గువలస వాళ్ళ ఊరు. అరిసెలు, పోకుండలు, లడ్డూలు, చలిమిడి అన్నీ చేయించి, చీమలు పట్టకుండా చదరపు రేకు డబ్బాల్లో పెట్టి మూతలు బిగించారు. జీడిపప్పు కూడా అలాంటి రేకు డబ్బాల్లోనే వచ్చింది. ఆ సంగతి తిరుమలరావుకు తెలుసు. తెలిసినవాడు కాబట్టే ఒక పద్ధతి పెట్టాడు.

కాఫీ తాగుతూ ఆ పద్ధతిని భార్యకు వివరించబోయాడు.

"పద్మా, ఈ రోజు రెండు పన్లున్నాయి. ఒకటి ముఖ్యమైంది. రెండోది కానిది."

"ముఖ్యమైంది నాకు తెలుసు, యమున సారె. ఆ రెండోదేటి?" అంది పద్మకుమారి.

తిరుమలరావు కాఫీ గ్లాసు కింద పెట్టాడు. కాదు, ముఖ్యమైంది జీడిపప్పు అని చెప్పాలి. చెబితే తండ్రి లేని పిల్ల మీద ఆయనకున్న ప్రేమ దగ్గర మొదలై, పెళ్ళయిన కొత్తలో తనకు కొనని పట్టుచీర దాకా మాట నడుస్తుంది. భార్యతో వాదించడం ఆ రోజు ముఖ్యమైన పనుల్లో లేదు.

"అదే... జీడిపప్పు" అన్నాడు మెల్లిగా.

"అద్దీ. అలగ సెప్పండి."

షెడ్డుకొచ్చేసరికి కళాసీలు రెండు లారీలకూ లోడెక్కించి, టార్పాలిన్లు కట్టేసి ఉన్నారు. రోజూ అయితే పైకెక్కి డబ్బాలు తట్టేవాడు. ఆ రోజు తట్టలేదు. జేబులోంచి ఎర్రగుడ్డ తీసి జీడిపప్పు లారీ అద్దానికి కట్టి, కళాసీ మేస్త్రితో గంభీరంగా అన్నాడు.

"ముఖ్యమైన లోడుకి ఎర్రగుడ్డ. తెలిసిందా? డ్రైవర్లకి కూడా అదే సెప్పేను. గుడ్డున్న బండి గంగులుది, ఇజీనారం ఎల్లాల. గుడ్డ లేంది త్రినాథ్‌ది, జగ్గువలస ఎల్లాల. ఇంక నన్నేటీ అడక్కండి."

"బండి నంబర్లు సెప్పీస్తే సరిపోతాది కదా బాబూ" అన్నాడు మేస్త్రి.

"నంబర్లు సెప్పుకునే రోజులు ఎల్లిపోనాయిరా. ఇప్పుడంతా పద్ధతి."

ఆ మాట అనేసి గదిలోకి వెళ్ళి, తలుపు వేసుకుని, ఫోను కట్టేసి, కుర్చీలో వెనక్కి వాలి ఆలోచించడం మొదలుపెట్టాడు. ఆలోచన మొదలైన కాసేపటికే గురక కూడా మొదలైంది.

ఆ సమయంలో బయట జరిగింది ఆయనకు సాయంత్రానికి గాని తెలియలేదు. మనకు అంత ఓపిక అక్కర్లేదు. పద్మకుమారి పసుపు కుంకుమలూ కొబ్బరికాయా పట్టుకుని, సారె బండికి బొట్టు పెట్టడానికి ఆటోలో వచ్చింది. ఎర్రగుడ్డ చూసి, దాని దగ్గరకే వెళ్ళింది.

"అది కాదమ్మా, జీడిపప్పు బండి. సారె ఆ పక్కది" అన్నాడు మేస్త్రి.

"మరి దీనికి గుడ్డెందుకు కట్టేరు?"

"ముఖ్యమైన లోడుకని బాబే కట్టినారమ్మ."

పద్మకుమారి నుదురు కొట్టుకుంది. "ముఖ్యమైంది సారె అని పొద్దున్నే నాతో ఒప్పుకున్నారు. ఏ బండిలో ఏటుందో సూసుకోకుండా కట్టీసినట్టున్నారు. ఈ మనిషి ఒక్క పనైనా తిన్నగా సెయ్యరు కదా!"

ఆమె గుడ్డ విప్పి పక్క లారీకి కట్టింది. బంపరుకు బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మేస్త్రికి ఓ చెక్క ఇచ్చి వెళ్ళిపోయింది. మేస్త్రి ఆమెతో వాదించలేదు. కట్టుకున్నవాడే వాదించలేనిచోట తనకెందుకని ఊరుకున్నాడు.

తరువాత గంగులు వచ్చి, ఎర్రగుడ్డ ఉన్న బండి స్టార్టు చేసి, ఎందుకో దిగి వచ్చి గది తలుపు తట్టాడు.

"బాబూ, ఓపాలి బయటికి రండి. ఈ బండి కమ్మగా నెయ్యి వాసనొస్తన్నాది."

తిరుమలరావు ఉలిక్కిపడి లేచి, లోపలి నుంచే అడిగాడు. "అర్జెంటా?"

"అర్జెంటే బాబూ."

"అయితే ముఖ్యం కాదు. ఎల్లిపో."

గంగులు వెళ్ళిపోయాడు. అతని వెనకే త్రినాథ్ కూడా వెళ్ళిపోయాడు. కాసేపటికి తిరుమలరావు బయటికి వచ్చి ఖాళీగా ఉన్న షెడ్డు చూసి, తాను చెమట పట్టకుండానే పనులు జరిగిపోయాయని మురిసిపోయాడు. జీవితంలో మొదటిసారి ఆయనకు తాను ఓనరులా అనిపించింది.

బంగారురాజు పలాస నుంచి కారులో వచ్చి తిరుమలరావును ఎక్కించుకున్నాడు. సరుకు దిగేటప్పుడు ఇద్దరూ ఉండాలని ముందే అనుకున్నారు. బంగారురాజు లావుపాటి మనిషి, తక్కువ మాటల మనిషి. కారు ఎక్కింది మొదలు తిరుమలరావు మాత్రం ఆగకుండా మాట్లాడాడు. తాను ఇన్నాళ్ళూ వ్యాపారం ఎంత తప్పుగా చేసిందీ, ఇప్పుడు ఎలా మారిందీ వివరించాడు. చిలకపాలెం దాటుతుండగా ఫోను మోగింది. యమున.

"సూడండి, ఇలాంటివే" అని బంగారురాజుకు చూపించి కట్ చేశాడు. మళ్ళీ మోగింది. మళ్ళీ కట్ చేశాడు. మూడోసారికి, ఎలా మాట్లాడాలో కూడా చూపిద్దామని స్పీకరు పెట్టాడు.

"మావయ్యా, సారె బండొచ్చింది. డబ్బాలు దింపేరు. కానీ..."

"దిగేయి కదమ్మా. ఇంకేటి?"

"మా అత్త ఒక డబ్బా మూత తీసి సూసింది మావయ్యా. అందులో..."

"యమునా, ఇదిగో సూడు. చిన్న చిన్న విషయాలకి నేను నిర్ణయాలు తీసుకోడం మానీసేను. నీకు అప్పగించేను. నీ ఇష్టం."

"అది కాదు మావయ్యా. ఇవన్నీ ఊళ్ళో పంచీమంటావా?"

"సారె పంచక దాసుకుంటారేటమ్మా? ఇంటింటికీ పంచీయండి. ధారాళంగా పంచండి. డబ్బాల్లో ఏటీ మిగల్నీకండి. మళ్ళీ నాకు ఫోను సెయ్యకు, ముఖ్యమైన పనిలో ఉన్నాను."

ఫోను జేబులో పెట్టుకుని గుండె నిండా ఊపిరి పీల్చుకున్నాడు. బంగారురాజు మొదటిసారి నోరు విప్పాడు.

"మీరు సాలా పైకొస్తారండీ రావుగారూ."

విజయనగరం చేరేసరికి గంగులు లారీ కార్ఖానా గేటు లోపల నిలబడి ఉంది. సరుకు చూసుకునే అమ్మాయి సింధు, తెల్ల టోపీ పెట్టుకుని, చేతికి తొడుగులు వేసుకుని వచ్చింది. మొదటి డబ్బా మూత తీసింది. పైన పసిబిడ్డ చొక్కా ఒకటి, కుంకుమ పొట్లం ఒకటి ఉన్నాయి. వాటి కింద అరిసెలు ఉన్నాయి.

సింధు ఒక అరిసెను తీసి ఇటూ అటూ తిప్పి చూసింది.

"అంకుల్, మేం మిఠాయిలు అమ్మేవాళ్ళమండీ. కొనేవాళ్ళం కాదు."

బంగారురాజు గబగబా రెండో డబ్బా తీశాడు. పోకుండలు. మూడోది తీశాడు. చలిమిడి. ఆ తరువాత డబ్బా తీయకుండానే దాని మీద కూర్చున్నాడు.

"నా జీడిపప్పేదండీ?" అన్నాడు.

తిరుమలరావు లారీలోకి తొంగిచూశాడు. గంగులు వైపు తిరిగాడు. "ఒరే, ఈ బండెందుకు తెచ్చేవురా?"

"ఎర్రగుడ్డున్నది నాదన్నారు. దీనికే ఉన్నాది. నెయ్యి వాసనొస్తన్నాదని తలుపు కొట్టి మరీ సెప్పబోనాను. ముఖ్యం కాదన్నారు. నానేటి సెయ్యను బాబూ?"

తిరుమలరావు త్రినాథ్‌కు ఫోను చేశాడు.

"ఒరే త్రినాథ్, ఆ డబ్బాలు విప్పకండిరా! ఎలగున్నవి అలగే ఉంచండి!"

"విప్పడం ఎప్పుడో అయిపోనాది బాబూ. పంచడం కూడా సగం పైగా అయిపోనాది. యమునమ్మ అత్త జగ్గమ్మగారు దగ్గరుండి శేరుతో కొలిపించి ఇంటింటికీ పంపిస్తన్నారు. ఊరంతా మీ పేరే. నాకూ ఓ దోసెడు పెట్టినారు. పప్పు గుళ్ళు ఒక్కోటీ ఎంతలేసున్నాయో!"

"ఆపరా! బేగి ఆపించు!"

"నానాపితే ఎవులాగుతారు బాబూ? అయినా పంచీమన్నది మీరే కదేటి? యమునమ్మ స్పీకరు పెట్టి మాటాడింది. ఊరంతా ఇన్నాది."

బంగారురాజు కారు జగ్గువలస వైపు తిరిగింది. సారె లారీ వెనకాల వచ్చింది. తిరుమలరావు దారి పొడుగునా లోలోపల తనను తాను తిట్టుకున్నాడు. డబ్బాలు తట్టి చూడడానికి ఎంతసేపు పడుతుంది? తలుపు తీసి నెయ్యి వాసన చూడడానికి ఎంతసేపు పడుతుంది? భార్యతో కాదు అనడానికి మాత్రం కొంచెం ఎక్కువసేపే పట్టేది. అదైనా ఈపాటికి అయిపోయి ఉండేది. పాత లారీ ఆయన కళ్ళ ముందు కదిలింది. దాని స్టీరింగు ఎవడో బక్కపలచని కుర్రాడి చేతిలో ఉన్నట్టు కూడా కనబడింది.

"మిగిలిన డబ్బాలు నా కార్లో ఏస్కుంటాను. పంచినవి మీరు ఇంటింటికీ ఎల్లి అడిగి తెచ్చీండి" అన్నాడు బంగారురాజు చివరికి.

తిరుమలరావు తల ఊపాడు. ఊపాడే గాని, అదెంత పనో ఆయనకు తెలుసు. పంచిన సారెను తిరిగి అడగడమన్నది ఆ వైపు ఊళ్ళల్లో ఎవరూ కని విని ఎరగరు. అడిగితే అడిగినవాడికేమీ కాదు. వాడు కారెక్కి వెళ్ళిపోతాడు. ఆ ఇంట్లో ఉండాల్సిన పిల్ల మాత్రం ముసలిదయ్యేదాకా ఆ మాట పడుతూ ఉంటుంది.

జగ్గువలసలో వాళ్ళు కారు దిగకముందే వీధిలో జనం పోగయ్యారు. ప్రతి అరుగు మీదా ఎవరో ఒకరు జీడిపప్పు నములుతూ కనబడ్డారు. పళ్ళు లేని ఒక ముసలమ్మ గుళ్ళను వేయించి రోట్లో దంచుకుంటోంది. పిల్లలు జేబుల నిండా పోసుకుని గోలీల బదులు వాటితో ఆడుతున్నారు. బంగారురాజు ఆ దృశ్యం చూడలేక కాసేపు కళ్ళు మూసుకున్నాడు.

యమున అత్త జగ్గమ్మ ఇత్తడి చెంబుతో కాళ్ళకు నీళ్ళు తెచ్చింది. ఆమె నోటికి జడిసి ఆ ఊరి పంచాయితీ కూడా వాళ్ళ వీధిలో జరగదని చెప్పుకుంటారు. పెళ్ళిలో తాంబూలాల దగ్గర తిరుమలరావును ఆమె నలుగురిలో పిసినారి అని కూడా అంది. ఇప్పుడు అదే నోరు చెవుల దాకా నవ్వుతోంది.

"రండి బావగారూ, రండి. మీరింత మనిషని నాకు తెల్దు. సారె అంటే బూరెలూ లడ్డూలే అనుకున్నాం గాని, డబ్బాలకి డబ్బాలు జీడిపప్పు పంపీసిన మేనమావని ఈ సుట్టుపక్కల ఎవులూ సూళ్ళేదు. నా కోడలి పుట్టిల్లంటే ఏటో ఈ రోజు ఊరికి తెలిసినాది!"

తిరుమలరావు కాళ్ళు కడుక్కుని చెంబు తిరిగిచ్చాడు. "వదినా, ఓ మాట సెప్పాల..."

అప్పుడే యమున బిడ్డనెత్తుకుని గుమ్మంలోకి వచ్చింది. మావయ్య పక్కకు వచ్చి చెవిలో చెప్పినట్టు అంది. "మావయ్యా, నేనీ గుమ్మం తొక్కినకాడ నుంచి మా అత్త నాతో నవ్వుతూ మాటాడింది ఈ రోజే. పొద్దున్న నుంచి 'అమ్మా' అంతంది నన్ను. నాన్న ఉన్నా ఇంత సేసీవాడు కాదు."

ఆ మాటకు తిరుమలరావు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తండ్రి పోయిన నాడు ఈ పిల్ల ఏడవాలని కూడా తెలియని వయసులో ఆయన భుజం మీద నిద్రపోయింది. ఆ పాత లారీ కేబిన్లో కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పితే గాని అన్నం తినేది కాదు. పొద్దున తాను ఈ పిల్ల సారెను ముఖ్యం కాని పనుల్లో వేశాడని గుర్తొచ్చి ఆయనకు సిగ్గేసింది.

ఆయన బంగారురాజు చెయ్యి పట్టుకుని పక్కకు లాక్కెళ్ళాడు.

"రాజు గారూ, మీ సరుకు నేనిక్కడ అడగలేను. నా పాత లారీ అమ్మి మీ ఖరీదు మీకిచ్చీస్తాను, నేదంటే లారీయే తీసుకుపొండి. కాంట్రాక్టు మీరెవులికి ఇచ్చుకున్నా ఫర్వానేదు. ఇక్కడ మాత్రం నోరు ఇప్పకండి. మీకు దండం పెడతాను."

బంగారురాజు ఆయన ముఖంలోకి చూశాడు. నోరు విప్పడానికి బాగా సిద్ధమై వచ్చిన మనిషి. ఏమనేవాడో గాని, ఆ లోపలే సారె లారీ పెద్దగా హారను కొడుతూ వీధిలోకి వచ్చి ఆగింది. గంగులు దిగి టార్పాలిన్ విప్పాడు. మొదటి డబ్బా తెరవగానే నెయ్యి వాసన వీధంతా కమ్మింది.

"ఇంకో లారీయా!" అని ఊరు ఊరంతా నోరు తెరిచింది.

"జీడిపప్పు ముందంపి, సలిమిడి ఎనకంపినారేటి బావగారూ?" అంది జగ్గమ్మ ఆశ్చర్యంగా. "సలిమిడి నేదేటా అని నానూ పొద్దున్న అనుకున్నాను. ఇదేటి పద్ధతి?"

"కొత్త పద్ధతి వదినా" అన్నాడు తిరుమలరావు నీరసంగా. "ముఖ్యమైంది ఎనకొస్తాది."

ఆ గుంపులోంచి జగన్నాధం అనే పెద్ద రైతు ముందుకొచ్చాడు. మనిషి ముఖం వేలాడేసుకుని ఉన్నాడు. వచ్చే నెలలో ఆయన మేనకోడలికి బొబ్బిలి వైపు సారె పంపాలి. ఇందాకే ఆయన భార్య ఒక గుప్పెడు జీడిపప్పు తెచ్చి ఆయన చేతిలో పోసి, "మీరేటి పంపుతారు?" అని ఒకే ఒక్క ప్రశ్న అడిగిందట. జవాబు చెప్పేదాకా అన్నం వడ్డించనందట.

"బాబూ, ఇది ఎక్కడ కొన్నారు? డబ్బా ఎంతకొచ్చింది?" అని అడిగాడు.

తిరుమలరావు బంగారురాజు వైపు చూశాడు. బంగారురాజు ముఖంలో అప్పటిదాకా ఉన్న కోపం ఎటు పోయిందో పోయింది. పలాసలో తాతల కాలం నుంచి జీడిపప్పు అమ్ముతున్న కుటుంబం వాళ్ళది. బేరం వచ్చి గుమ్మంలో నిలబడితే ఏడుస్తున్నవాడైనా కళ్ళు తుడుచుకుంటాడు.

"నాదేనండీ సరుకు" అన్నాడు చొక్కా సరిచేసుకుంటూ. "రావుగారు మావాళ్ళే. సారెకని సెప్తే గుళ్ళు ఏరించి పంపిస్తాం. మీకెన్ని డబ్బాలండీ?"

జగన్నాధం వెనకాల ఇంకొకాయన, ఆయన వెనకాల మరొకాయన నిలబడ్డారు. వాళ్ళను అక్కడ నిలబెట్టిన వాళ్ళ ఆడవాళ్ళు కాస్త దూరంలో నిలబడ్డారు. బంగారురాజు వేళ్ళు మడిచి లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టి, చేతి వేళ్ళు చాలక గంగులును పిలిచి అతని వేళ్ళు కూడా వాడుకున్నాడు. విప్పని డబ్బాలు ఉన్నవి ఉన్నట్టు అక్కడే అమ్ముడుపోయాయి. జగ్గమ్మ అందరికీ అరిసెలు పెట్టింది. బంగారురాజు నాలుగు తిన్నాడు.

వెలుతురుండగానే తిరుగు ప్రయాణమయ్యారు. కారు రాజాం దాటాక బంగారురాజు తన నిర్ణయం చెప్పాడు. కాంట్రాక్టు తిరుమలరావుకే. కార్ఖానాకు మర్నాడే వేరే లోడు తోలాలి. సారె సరుకు కూడా ఆయన లారీల మీదే వెళ్తుంది. పంచేసిన డబ్బాల ఖరీదు కిరాయిలో నెలనెలా కొంచెం కొంచెం కోసుకుంటాడు. పాత లారీ అమ్మనక్కర్లేదు.

"కానీ ఒక్క షరతండీ" అన్నాడు.

"సెప్పండి."

"ఇంక మీరు తలుపేసుకుని ఆలోచించకూడదు."

తిరుమలరావు రెండు చేతులూ జోడించి ఒప్పుకున్నాడు. ఇంటికి చేరగానే, ఎర్రగుడ్డ లారీ మారిందెలాగని భార్యను అడిగాడు. మేస్త్రి అప్పటికే చెప్పేశాడు గాని, ఆమె నోట వినాలనిపించింది.

"నేనే మార్చేను" అంది పద్మకుమారి అన్నం వడ్డిస్తూ. "మీరు తప్పు బండికి కట్టీసినారు కదా, సరిదిద్దినాను. యమున ఫోను సేసింది, ఎంత సంబరమో దానికి. ఎవులో ఒకరు సూసుకోకపోతే మీ పన్లు ఇలగే ఉంటాయి."

తిరుమలరావు అవునన్నట్టు తలూపి, పప్పు కలుపుకున్నాడు.

ఏడాది తిరిగేసరికి రాజాం, బొబ్బిలి వైపు ఊళ్ళలో జీడిపప్పు లేని సారెకు ఎదురొచ్చేవాళ్ళు లేకుండా పోయారు. తిరుమలరావు మూడు లారీలూ రోడ్డు మీదే ఉంటున్నాయి. బ్యాంకు వాళ్ళు ఫోను చేయడం మానేశారు. ఆ చుట్టుపక్కల మేనమామలందరూ తిరుమలరావు పేరు చెబితే పళ్ళు నూరతారు, సారెకు లారీ మాత్రం ఆయనదే మాట్లాడుకుంటారు.